యాభైకి అటు రెండు, ఇటు రెండు

మా షెడ్డులో క్వాలిటీ ఫైలుకు ఏటా దసరా రోజున పసుపు పూసి బొట్టు పెడతారు. రంపానికి, ఫోము కోసే కత్తులకు, టేపు మిషనుకు పెట్టాక చివరి బొట్టు దానిది. పెట్టె ఎట్లా ఉండాలో, మెత్త ఎంత ఉండాలో ఇంగ్లీషులో రాసి ఉన్న ఎనభై నాలుగు పేజీల నీలిరంగు ఫైలు అది. దేవుడి పటం కింద అరలో ఉంటుంది. మూడు దసరాలు బొట్టు పెట్టాం గానీ, ఆ మూడేళ్లలో దాన్ని విప్పి చదివింది ఒక్కసారే. చదివింది నేను. ఒక కొలతను సగమే చదివి, మిగతా సగం నాకు తెలిసిందేలే అనుకున్నాను. ఆ సగం వల్ల ఐదుగురి పని పోబోయింది.

మా షెడ్డు వనపర్తి ఊరి బయట, గద్వాలకు పోయే దారిలో ఉంది. యంత్రాలు, మోటార్లు, మీటర్లు దూరప్రయాణంలో దెబ్బతినకుండా పెట్టెలు చేసి, లోపల మెత్తలు అమర్చి, కట్టి పంపడం మా పని. మా యజమానిని అందరం సేటు అంటాం. ఒకప్పుడు ఆయనది గోనెసంచుల వ్యాపారం. సంచుల రోజులు తగ్గాక పెట్టెల్లోకి వచ్చాడు. బరువైన సామానుకు కర్రపెట్టెలు చేసే వడ్రంగిది లింగాల. వారానికొకసారి ఇంటికి పోయి వస్తాడు. అడిగిన దానికి జవాబు చెబుతాడు, అడగనిది చెప్పడు. ఫోము మెత్తలు కోసే బల్ల దగ్గర ఐదుగురు ఆడవాళ్లు ఉంటారు. వాళ్లకు పెద్ద, మేమంతా అక్కా అని పిలిచే ఆవిడ. పుట్టినిల్లు తిమ్మాజిపేట దిక్కు, మెట్టినిల్లు షెడ్డుకు కిలోమీటరున్నర దూరం. ఆ దూరం నేను కొలిచిందే.

కొలవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం. చదువు పదో తరగతితో ఆగింది. మార్కెట్ యార్డులో పల్లికాయ బస్తాల తూకాల దగ్గర పన్నెండేళ్లు పనిచేశాను. పాత పుస్తకాల బండి మీద దొరికిన లెక్కల పుస్తకం ముందేసుకుని శాతాలు, సగటులు సొంతంగానే నేర్చుకున్నాను. ఇంటి నుంచి బస్టాండుకు ఎన్ని అడుగులో, మా మేడకు ఎన్ని మెట్లో ఎవరూ అడగకపోయినా నా దగ్గర జవాబు ఉంటుంది. సేటు నన్ను పనిలో పెట్టుకున్నది అందుకే. కోసిన మెత్తలు చూడాలి, బాగున్నవాటికి పుస్తకంలో గీత పెట్టాలి. క్వాలిటీ చూసే మనిషి అని నాకు పేరు.

ఆ ఏడు మాకు ఒక కొత్త పని దొరికింది. పెద్ద గొట్టాల్లో ఎంత నీరు పోతుందో చూపించే మీటర్లు. ఒక్కోటి పదకొండు కిలోలు. ఒళ్లంతా ఇనుము, ముఖం మాత్రం గాజు. మీటర్ల కంపెనీ బండి వాటిని తెచ్చి మా షెడ్డులో దింపేది. మేము అట్టపెట్టెల్లో పెట్టి, కట్టి, వాళ్లు చెప్పిన చోటికి ఎక్కించేవాళ్లం. పెట్టె లోపలి ఎత్తు రెండు వందల యాభై మిల్లీమీటర్లు. మీటరు నూట యాభై. కింద యాభై మెత్త, పైన యాభై మెత్త. బడికి కొత్తగా పోయే పిల్లలు కూడా కూడగలిగే లెక్క.

మొదటి విడతలో నూట ఇరవై మీటర్లు వెళ్లాయి. నలభై లింగాల వైపు పనిచోటుకు, ఎనభై రాయచూరు దాటి కర్ణాటకలోకి. లింగాలకు పోయినవి అన్నీ బాగున్నాయి. దూరం పోయినవాటిలో ఐదింటి గాజు చిట్లింది. కంపెనీ క్వాలిటీ మేడం ఫోను చేసి, ప్యాకింగు చూసుకోండి అని మర్యాదగానే చెప్పారు. ఆ మాట సేటు మెత్తల బల్ల దగ్గరికి మోసుకొచ్చాడు. అక్క నొచ్చుకుంది. ఆ రోజు నుంచి ఆమె కత్తి ఇంకా జాగ్రత్తగా నడిచింది. రెండో విడత నూట ఇరవై, అన్నీ రాయచూరు దాటి పోయేవే. ఒక్కో మూతను మోకాలితో అదిమి పట్టి టేపు వేశారు. పన్నెండు పగిలాయి.

ఈసారి ఫోను కాదు, కాగితం వచ్చింది. మధ్యాహ్నం అందరం టిఫిన్లు విప్పుకున్న వేళకు సేటు అది తెచ్చి చదివాడు. మూడో విడత నూట ఇరవై పెట్టెలను కంపెనీవాళ్లు అక్కడే విప్పి చూస్తారు. ఒకటి పగిలితే సరిపెట్టుకుంటారు. ఒకటి దాటితే ఇక మెత్తలు మా దగ్గర కోయించరు. హైదరాబాదు నుంచి మిషను మీద కోసినవి తెప్పిస్తారు. మేము వాటిని పెట్టెలో పెట్టి టేపు వేయడమే.

టేపు వేయడానికి ఇద్దరు చాలు. మెత్తల బల్ల ఉండదు. అక్క తన టిఫిన్లోని జొన్నరొట్టె ముక్క ఒకటి నావైపు తోసింది. రోజూ తోస్తుంది. ఆ రోజు మాత్రం ముక్క కాదు, సగం రొట్టె. తనకు తినబుద్ధి కాలేదని అర్థమైంది.

ఎందుకు పగులుతున్నాయో చెప్పడానికి మా దగ్గర మనుషులకు కొదవ లేదు. లారీ డ్రైవరు గుంతల్లో చూసుకోకుండా తోలుతున్నాడని ఒకరు, గాజే నాసిరకం అని ఒకరు, మొదటి పెట్టె ఎక్కించిన వేళ మంచిది కాదని ఒకరు. సేటు రోడ్డును తిట్టాడు. నేను వడ్రంగిని అడిగాను, లింగాల తొవ్వ ఎట్లుంటది అని.

"మా తొవ్వల గుడ్డు వట్టుకపోతే పిల్ల అయి దిగుతది" అన్నాడు.

అంత చెడ్డ దారిలో పోయిన నలభైలో ఒక్కటీ పగలలేదు. నున్నటి పెద్దరోడ్డు మీద పోయినవి పదిహేడు పగిలాయి. నేను కాగితం మీద వేసుకున్నాను. మొదటిసారి ఎనభైలో ఐదు, అంటే వందకు ఆరు చిల్లర. రెండోసారి నూట ఇరవైలో పన్నెండు, అంటే వందకు పది. మధ్యలో దారి మారలేదు, లారీ మారలేదు, గాజు మారలేదు. మా జాగ్రత్త ఒక్కటే పెరిగింది. జాగ్రత్త పెరిగితే నష్టం పెరగడమేమిటి? కంపెనీకి ఫోను చేసి పగిలినవి లారీలో ఏ వరసలో ఉన్నాయని అడిగించాను. పదిహేడులో పద్నాలుగు అన్నిటికన్నా కింది వరసవి. లారీలో ఐదు వరసలు పేరుస్తారు. లింగాలకు పోయిన చిన్నబండిలో రెండే వరసలు.

బరువు వల్లేనా అంటే, పెట్టె ఆ బరువుకు చేసిందే. దాని గోడలు మనిషి ఎక్కి నిలబడ్డా కుంగవు. నేనే ఎక్కి చూశాను. అప్పుడు నా బరువు డెబ్బై ఒకటి.

అసలు సంగతి చాయ్ గ్లాసు పట్టించింది. కట్టి పెట్టిన పెట్టె ఒకటి మూలకు ఉంటే దాని మీద గ్లాసు పెట్టాను. గ్లాసు పక్కకు ఒరిగి చాయ్ ఒలికింది. గ్లాసు తీసి మళ్లీ పెట్టాను, మళ్లీ ఒరిగింది. మూత మీద ఇనుప బద్ద ఆనించి చూస్తే నడిమి భాగం తిన్న పొట్టలాగా ఉబ్బి ఉంది. బద్ద అటూ ఇటూ ఊగింది. పెట్టె విప్పి పై మెత్త తీసి కొలిచాను. అరవై ఒకటి. కిందిది యాభై ఎనిమిది. బల్ల మీద కోసి పెట్టినవి తీసుకుని ఇంకో పది కొలిచాను. యాభై ఆరుకు తక్కువది ఒక్కటి లేదు.

అక్క కత్తి ఆపకుండానే నన్ను చూస్తోంది. ఎంత మందం కోస్తున్నావని అడిగాను.

"యాభైకి తక్కువ కావద్దని నువ్వే రాస్తివి గద. తక్కువ ఎన్నడన్న అయిందా?"

"కాలే. లింగాలకు పోయినవి గూడ ఇంతే పెట్టినవా?"

"లింగాల మనదే గద తమ్మీ. మనింటికి మనం పోయేటప్పుడు సద్ది మూట గడ్తమా? దానికి నువ్వు చెప్పినంతే. రాయచూరు దాటి పోయేదానికి జర కొసరేసిన. ఆ తొవ్వల ఎట్లుంటదో ఎవరికెరుక. పోయినసారి పలిగినయంటే ఈసారి ఇంకింత ఏసిన."

కొసరు గురించి మా దిక్కు వాళ్లకు చెప్పనక్కర్లేదు. సంతలో ముల్లు నిటారుగా నిలబడగానే మాకు తూకం అయిపోయినట్టు కాదు. ఆపైన ఒక పిడికెడు పడాలి. పడకపోతే అమ్మినవాడిది చేతివాటం కాదు గానీ మనసు చిన్నది అంటాం. పాలవాడు కొసరు పోస్తాడు, పూలావిడ ఇంకో వేలెడు తెంపి ఇస్తుంది. యార్డులో పన్నెండేళ్లలో తక్కువైందని కొట్లాడినవాళ్లను వందల మందిని చూశాను. ఎక్కువైందని ఫిర్యాదు చేసిన మనిషిని ఒక్కరిని చూడలేదు.

తల ఎత్తితే బల్ల పైన గోడకు నేను మూడేళ్ల కింద రాసి తగిలించిన బోర్డు కనిపించింది. ఎర్ర అక్షరాలు. మెత్త మందం యాభైకి తక్కువ కావద్దు.

అర దగ్గరికి పోయి ఫైలు తీశాను. పసుపుతో పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. గోరుతో విడదీస్తే మెత్తలు అమర్చిన అట్టపెట్టె బొమ్మ ఉన్న పేజీ వచ్చింది, ఏ సామానుకైనా అదే. యాభై పక్కన చిన్న గుర్తు. మీద కూడిక గీత, కింద తీసివేత గీత, పక్కన రెండు. యాభైకి అటు రెండు దాకా పోవచ్చు, ఇటు రెండు దాకా రావచ్చు. అంతకు మించి ఎటూ వద్దు. ఇంగ్లీషులో ఉన్న ఆ కొలతను మా వాళ్ల కోసం తెలుగులో బోర్డు మీద రాసింది నేను. తక్కువ కావద్దన్న సగం రాశాను. ఎక్కువ కావద్దని రాయాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఎక్కువైతే తప్పవుతుందన్న ఊహ నా బుర్రలో ఎక్కడా లేదు మరి. ఇంకో సిగ్గు కూడా ఉంది. నా పుస్తకంలో మూడేళ్లుగా గీతలే గానీ అంకెలు లేవు. సరి, సరి, సరి. మేడ మెట్లు లెక్కపెట్టేవాణ్ణి, మెత్తల మందం రాసుకోలేదు. రాసి ఉంటే మొదటి విడతలోనే దొరికేది.

ఫైలు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. బోర్డు ఎవరూ చూసి అడగరు. తప్పు బల్లదనే కంపెనీ అనుకుంటోంది, నేను ఊరుకుంటే సరి. ఆ ఆలోచన వచ్చినందుకు ఇప్పటికీ నాకు కొంచెం చిన్నతనంగానే ఉంటుంది. బల్ల దగ్గరికి పోయి, అక్కా, తప్పు నీ కత్తిది కాదు, నా బోర్డుది అని చెప్పాను. బొమ్మ చూపించాను. ఆమె ఆ చిన్న గుర్తును వేలితో తడిమింది. వేలికి పసుపు అంటింది.

"మూడేండ్లు సరి సరి అని గీతలు గీస్తివి గద తమ్మీ" అంది. "గీతలైతే మా ఇంట్ల మనుమరాలు గూడ గీస్తది."

మిగతా నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

సేటును నమ్మించడం అంత తేలిక కాలేదు. మెత్త తక్కువ పెడితే పగలదా అని ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"సంచికి రెండు కుట్లు ఎక్కువేస్తే చినుగుతదా? ఏం లెక్కయ్యా నీది?"

నోటితో చెబితే అర్థమయ్యే సంగతి కాదు. పెట్టె మీద ఇంకో పెట్టె పెడితే బరువు గోడల మీదుగా నేలకు దిగాలి. లోపలి వస్తువుకు ఆ బరువు తెలియనే కూడదు. పై మెత్త మీటరు ముఖం చుట్టూ ఉన్న ఇనుప అంచును తాకీ తాకనట్టు ఉంటే చాలు. గాజు ఆ అంచుకన్నా రెండు మిల్లీలు లోపలికి ఉంటుంది. మెత్త మందమైతే మూత ఉబ్బుతుంది. మీది పెట్టె ఆ ఉబ్బు మీద కూర్చుంటుంది. ఇక బరువంతా గోడలు వదిలేసి మెత్తలో నుంచి గాజు మీదికి దిగుతుంది. ఇది చెప్పేసరికి సేటు చూపు గడియారం మీదికి పోయింది.

అప్పుడే అప్పడం ఆలోచన వచ్చింది. పరీక్షకు గాజులు పగలగొట్టలేం. గాజు ఊడిపోయిన పాడు మీటర్లు రెండు మా దగ్గర ఉన్నాయి. గాజు కూర్చునే గుండ్రం కొలిస్తే నూరు మిల్లీలు. అక్క ఇంట్లో మినప అప్పడాలు చిన్నవి చేస్తారని నాకు తెలుసు, తిన్నాను కాబట్టి. మరునాడు డబ్బా నిండా వేయించి తెచ్చింది. అందులో తొంభై తొమ్మిది ఉన్నవి రెండు ఏరడానికి నాకు పావుగంట పట్టింది. ఆ పావుగంటలో మిగతావి సగం అయిపోయాయి.

ఒక మీటరు ముఖానికి గాజు చోట అప్పడం పెట్టి యాభై మెత్తలతో కట్టాం. ఇంకోదానికి అప్పడం పెట్టి అక్క కొసరు వేసిన మెత్తలతో, మోకాలితో అదిమి కట్టాం. రెండింటి మీదా నాలుగేసి నిండు పెట్టెలు పేర్చాం, లారీలో లాగా. వడ్రంగి ట్రాలీ మీద ఆ రెండు దొంతరలనూ పక్కపక్కనే పెట్టుకుని, సిమెంటు లేచిపోయిన షెడ్డు ముంగిట్లో ఇరవై చుట్లు తిప్పాడు. చుట్లు నేను లెక్కపెట్టాను. సేటు కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. ఎదురు షాపతను కూడా వచ్చి, ఏ దేవుణ్ణి ఊరేగిస్తున్నారని అడిగాడు.

ముందు యాభై పెట్టె విప్పాం. అప్పడం పెట్టింది పెట్టినట్టే ఉంది. అంచు కూడా విరగలేదు. రెండో పెట్టె మూత కత్తి పెట్టగానే టప్పుమని లేచింది. లోపల మీటరు ముఖం నిండా అప్పడం పొడి. సేటు లేచి వచ్చి ఆ పొడిని చూశాడు. తర్వాత బాగున్న అప్పడాన్ని తీసి సగం విరిచి నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పు గూడ సరిపోయింది" అన్నాడు. మిగతా సగం నాకిచ్చాడు. అది ఆయన ఒప్పుకున్నట్టు.

అర్థం కావడం వేరు, చేతికి రావడం వేరు. ఆ సాయంత్రం నుంచి అక్క యాభై అని గీత గీసుకుని కోసినా కత్తి దానంతటదే గీత అవతలికి జరిగేది. ముప్పై ఏళ్లుగా పిండి కొలిచినా, పప్పు కొలిచినా కొసరు వేసిన చెయ్యి అది. కొలత టేపు పెట్టి ఒక్కో ముక్క కొలుస్తూ కూర్చుంటే పని సాగదు. నేను వడ్రంగికి బొమ్మ గీసి ఇచ్చాను. ఆయన టేకు చెక్కలో రెండు సందులు కోసి తెచ్చాడు. ఒకటి యాభై రెండు వెడల్పు, ఇంకోటి నలభై ఎనిమిది. ముక్క పెద్ద సందులో దూరాలి, చిన్న సందులో దూరకూడదు. అంకెలు చదవక్కర్లేదు. కళ్లు మూసుకుని కూడా చూడవచ్చు.

బల్ల దగ్గరివాళ్లు ఒక్క పూటలోనే వాటికి పేర్లు పెట్టారు. చిన్న సందు ఉపాసం, పెద్ద సందు పండుగ. ముక్క ఉపాసంలో దూరిందంటే బక్కచిక్కింది. పండుగలో దూరకపోతే ఎక్కువ తిన్నది. రెండూ ఎర్ర గంపలోకే. ఎర్ర గంప నా ఆలోచన కాదు, ఫైలులోదే. తప్పు ముక్క మంచి ముక్కల్లో కలవకుండా వేరే రంగు గంప ఉండాలని పదిహేడో పేజీలో రాసి ఉంది. ఈసారి నేను దాన్ని మొదటి పేజీ నుంచి చదివాను, డిక్షనరీ పక్కన పెట్టుకుని. రోజుకు నాలుగు పేజీల లెక్కన ఇరవై ఒక్క రోజులు పట్టింది.

మొదటి రోజు ఎర్ర గంపలో పడ్డవి నలభై. అన్నీ పండుగవే. అక్క ముఖం చిన్నబుచ్చుకుంది. ఫోము పారేస్తుంటే అన్నం పారేసినట్టుందని అంది. రెండో రోజు పదకొండు. మూడో రోజు రెండు. నాలుగో రోజు ఒకటి ఉపాసంలో దూరింది. అందరూ అక్కను చూశారు. ఆమె జీవితంలో తక్కువ కోసిన మొదటి ముక్క అదే అయి ఉంటుంది.

"చూసినవా తమ్మీ, పిసినారినైతి" అంది. ఆ మాటలో కొంత దిగులు, కొంత గర్వం.

ప్రమాణం అంటే ఏమిటో ఆ నాలుగు రోజుల్లోనే నాకు అర్థమైంది. అంతకుముందు అది కంపెనీవాళ్లు మన మీద పెట్టే నిఘా అనుకునేవాణ్ణి. అక్క చెయ్యి మంచిదే, మనసు అంతకన్నా మంచిది. అయినా దూరం పోయేదానికి ఒక మందం, దగ్గరిదానికి ఒక మందం, మనసు బాగాలేని రోజు ఇంకో మందం అయితే పెట్టె చేసినవాడి లెక్క, మెత్త కోసినవాళ్ల లెక్క, లారీలో పేర్చేవాడి లెక్క ఎక్కడా కలవవు. ఒకరినొకరు చూడని మనుషులు ముగ్గురు ఒకే గాజును కాపాడాలంటే మధ్యలో ఒక అంకె ఉండాలి. ఆ అంకెకు రెండు వైపులా గట్టు ఉండాలి. ఒకవైపే గట్టు కడితే నీళ్లు రెండోవైపు నుంచి పోతాయి. నేను చేసింది అదే.

మూడో విడత కట్టడానికి రెండు రోజులు పట్టింది. ఈసారి నా పుస్తకంలో గీతలు లేవు. ప్రతి పెట్టెకు ఒక నంబరు, దానికి ఎదురుగా పై మెత్త ఎంత, కింది మెత్త ఎంత. లారీ పొద్దున కదిలింది. అక్క వెనక నిలబడి అది మలుపు తిరిగేదాకా చూసింది, పెళ్లికూతుర్ని పంపినట్టు. మొత్తం రెండు వందల నలభై ముక్కలు, సగటు యాభై పాయింట్ మూడు అని చెప్పాను. ఆ పాయింట్ మూడు ఏందని అడిగింది. నీ కొసరే, ఇంకా అంత మిగిలింది అన్నాను.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం ఫోను వచ్చింది. అందరూ వినేటట్టు సేటు దాన్ని మెత్తల బల్ల మీద పెట్టాడు. మేడం ఒక్కో వరస విప్పించి చూశానని చెప్పారు. పై నాలుగు వరసల్లో ఏమీ లేదు. కింది వరసలో ఒకటి చిట్లింది.

"ఒకటే కదా మేడం?" సేటు ఫోను మీదికి వంగాడు.

"ఒకటే. మిగతావన్నీ బాగున్నాయి. పెట్టె నంబరు రాసుకోండి, కారణం నాకు రాతలో కావాలి. ఒకటో నంబరు."

నేను పుస్తకం తిప్పాను. ఒకటో నంబరు పై మెత్త యాభై, కింది మెత్త యాభై. ఇంతకంటే సరిగ్గా కోయడం మనిషికి సాధ్యం కాదు. మళ్లీ ఒకసారి చూశాను. లెక్క తప్పింది ఎక్కడో తెలియలేదు. అక్క ఫోము చుట్ట మీద కూర్చుండిపోయింది.

"పుస్తకంల దొరకదు తమ్మీ" అంది. "నువ్వు కొలిచి అటు తిరిగినంక పన్నెండు మిల్లిల ఫోము పలక ఒకటి పైన వెట్టిన. మొదటి డబ్బ. బోణీ. బోణీకి గూడ కొసరెయ్యకపోతే ఎట్ల అని చెయ్యి ఒప్పలే."

ఫోనులో మేడం ఉన్నారన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. అటు నుంచి ఆమె నవ్వు ఆపుకుంటున్నట్టు అనిపించింది.

"అమ్మా, అంటే మిగతా నూట పంతొమ్మిదిలో ఏమీ పెట్టలేదు కదా?"

"లేదమ్మా, ఒట్టు. ఇగ ఎన్నడు వెట్ట."

"సరే. కారణం దొరికింది కాబట్టి సరిపోయింది. నాలుగో విడత మీటర్లు సోమవారం పంపిస్తాం."

మెత్తల బల్ల నిలిచింది. సేటు అక్క ముందు నిలబడి ఏదో తిట్టబోయి, చాయ్ తెమ్మని కేకేశాడు. తర్వాత కారణం రాసే కాగితం నా ముందు పెట్టాడు. దాంట్లో మూడు గళ్లు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేస్తారు. మొదటి గడిలో ఒకటో పెట్టె, గాజు చిట్లింది అని రాశాను. రెండో గడిలో ఏం రాయాలో చాలాసేపు ఆలోచించాను. చివరికి పన్నెండు మిల్లీమీటర్లు ఎక్కువ అని రాశాను. నిజం అంతే. మూడో గడిలో టేపు వేయక ముందు, వేశాక, రెండుసార్లు మూత మీద ఇనుప బద్ద ఆనించి చూస్తామని రాశాను. నేను కొలిచి అటు తిరిగాక జరిగేది కూడా ఆ బద్ద పట్టేస్తుంది.

"మరి బోణీకో?" అంది అక్క.

అదొక్కటి ఫైలులో లేదు. ఐదుగురూ మాట్లాడుకుని వాళ్లే తేల్చారు. ప్రతి విడతలో మొదటి పెట్టెకు బయట, మూల మీద, ఒక పసుపు బొట్టు. లోపలికి ఏమీ పోదు, బరువు పెరగదు, మందం మారదు. నేనూ అన్ని వైపులా ఆలోచించి చూశాను. అభ్యంతరం దొరకలేదు.

నాలుగో విడతలో పగిలింది సున్నా. ఐదులోనూ సున్నా. ఆరో విడత కట్టేటప్పుడు మేడం తనిఖీకి స్వయంగా వచ్చారు. సందుల్లో ముక్కలు తోసి చూశారు, ఎర్ర గంప చూశారు, నా పుస్తకంలో అంకెలు చూశారు. మొదటి పెట్టె దగ్గర ఆగి, ఈ పసుపు మచ్చ ఏమిటి, మీ బొమ్మలో లేదే అని అడిగారు. అక్క నా వంక చూసింది. బొమ్మలో లేనిది పెట్టె మీద ఉండకూడదని యాభై మూడో పేజీలో ఉంది. ఆ నియమం నాకు తెలుసు, ఇప్పుడు నేను ఫైలంతా చదివినవాణ్ణి.

అందుకని మేడం ఎదురుగానే బొమ్మ తీసి, మూల దగ్గర చిన్న గుండ్రం గీశాను. పక్కన రాశాను: పసుపు బొట్టు, ఒకటి, మొదటి పెట్టెకు మాత్రమే. తక్కువ కావద్దు, ఎక్కువ కావద్దు. మేడం చదివి సంతకం పెట్టారు. వెళ్లేటప్పుడు అక్క ఆమెకు ఒక సంచిలో పల్లికాయలు పోసింది. నేను చూస్తుండగానే ఒక కొలత పోసి, పైన ఇంకో రెండు పిడికిళ్లు వేసింది. దానికి ఏ బొమ్మా లేదు కాబట్టి నేను ఏమీ అనలేదు.